చిన్నాన్న టెంట్ హౌస్‌కి ఫ్లాస్క్ చాలదా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా చిన్నాన్నది టెంట్ హౌస్. పెళ్లిళ్లకు కుర్చీలు, షామియానాలు, గుండిగలు అద్దెకిస్తారు. ఏ తేదీకి ఏవి ఎన్ని ఖాళీగా ఉంటాయో ఫోన్లో చూసుకోవాలని చిన్న వెబ్ యాప్ అడిగారు. నేను ఫ్లాస్క్‌తో మొదలుపెట్టాను. భువనేశ్వర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా బావ జాంగోయే పెట్టాలంటారు. రెండూ పైథాన్ భాషలో వెబ్ యాప్‌లు కట్టడానికి వాడే ఫ్రేమ్‌వర్క్‌లే, అంటే ముందే రాసిపెట్టిన కోడ్ చట్రాలు. ఫ్లాస్క్ చిన్నది, జాంగో పెద్దది.

బావ: జాంగో పెడితే లాగిన్, అడ్మిన్ పేజీలు (డేటా ఎక్కించి, దిద్దే తెరలు), మైగ్రేషన్లు (టేబుళ్ల రూపం మార్చే ఏర్పాటు) అన్నీ దాంతోనే వస్తాయి కదా. ఫ్లాస్క్ ఏముందిరా, 2010లో ఏప్రిల్ ఫూల్ సరదాతో మొదలైన సరుకు.

బావమరిది: సరదాతో మొదలైనా దాని కిందున్న వెర్క్‌జ్యూగ్, జింజా అనే లైబ్రరీలు అప్పటికే గట్టిగా నడుస్తున్నవి బావా. జాంగో పుట్టింది అమెరికాలో, కాన్సస్‌లోని ఒక దినపత్రిక ఆఫీసులో. రోజూ వార్తలు ఎక్కించేవాళ్లు, దిద్దేవాళ్లు ఉన్న చోటు, వాళ్లకు అడ్మిన్ కావాలి. చిన్నాన్నకు కావలసింది ఒక్క తెర. తేదీ నొక్కితే మిగులు కనబడాలి. అడ్మిన్ టేబుళ్లు చూపిస్తుంది గానీ మిగులు లెక్క దానంతటది కట్టదు.

బావ: లెక్క సరే, భద్రత? జాంగో ప్రాజెక్టులో సీఎస్‌ఆర్‌ఎఫ్ రక్షణ (వేరే సైటు మన లాగిన్‌ని వాడుకుని దొంగ ఫారాలు పంపకుండా అడ్డుకునేది) మొదటి రోజు నుంచే ఉంటుంది. ఫ్లాస్క్‌లో నువ్వు గుర్తుపెట్టుకుని తగిలించాలి. డీబగ్ మోడ్ (తప్పులు పట్టుకోవడానికి లోపలి వివరాలు చూపించే పద్ధతి) ఆన్‌లోనే ఉంచి సర్వర్‌కి ఎక్కించేసినవాళ్లను చూశాను నేను. రేపు నువ్వు ఊళ్లో లేకపోతే మావయ్య ఎవర్ని అడుగుతారు?

బావమరిది: భద్రత విషయంలో మీ మాటే నిజం. ఫ్లాస్క్ మరిచిపోయేవాణ్ణి కాపాడదు. అందుకే ఆ సీఎస్‌ఆర్‌ఎఫ్ రక్షణ ఇచ్చే ఫ్లాస్క్-డబ్ల్యూటీఎఫ్ ముందే పెట్టాను, పాస్‌వర్డ్ హ్యాష్ చెయ్యడానికి (తిరిగి చదవలేని రూపంలో దాచడానికి) వెర్క్‌జ్యూగ్‌లోనే ఫంక్షన్ ఉంది. ఇక నేను లేనప్పుడంటారా, డీసీఏ (కంప్యూటర్ డిప్లొమా) చేసిన కుర్రాడైనా యాప్ కోడ్ ఉన్న ఈ ఒక్క ఫైలు పైనుంచి కిందదాకా చదువుకోగలడు.

అసలు కష్టం వేరే చోట ఉంది బావా. ఒకరు మూడు రోజులకు కుర్చీలు అడిగారనుకోండి. ఆ మూడు రోజుల్లో ఉన్న అద్దెలన్నీ కలిపి తీసేస్తే తప్పు లెక్క. మొదటి రోజు తిరిగొచ్చే వంద కుర్చీలే మూడో రోజు మళ్లీ బయటికి వెళ్లొచ్చు, వాటిని రెండొందలని లెక్కేసి ‘లేవు’ అంటే బేరం పోతుంది. ఏ రోజుకారోజు లెక్క కట్టి, అన్నిట్లోకి తక్కువ మిగులు చెప్పాలి. ఇంకోటి. చిన్నాన్న ఫోన్లో, పిన్ని ఫోన్లో ఒకే నిమిషంలో చివరి గుండిగ ఖాళీగా కనబడిందనుకోండి, ఇద్దరూ బుక్ చేసేస్తారు. డేటా ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌లో ఉంది. పైథాన్‌లోని దాని మాడ్యూల్ మామూలుగా సెలెక్ట్‌కి (చదవడానికి) ట్రాన్సాక్షన్ (పనులన్నీ ఒకే ముక్కగా జరిపే ఏర్పాటు) తెరవదు, ఇన్సర్ట్ (కొత్తది రాయడం) దగ్గరే తెరుస్తుంది. ఆ సందులో రెండో ఫోన్ దూరుతుంది. అందుకని మిగులు చూడకముందే ‘బిగిన్ ఇమీడియట్’ అనే ఆదేశంతో తాళం వేస్తున్నాను, ఒక ఫోన్ పని ముగిసేదాకా రెండోది ఆగుతుంది. జాంగోలోనూ మామూలుగా ప్రతి క్వెరీ (డేటాబేస్‌కి పంపే ఆదేశం) దానికదే కమిట్ అయిపోతుంది, అంటే వెంటనే ఖాయమైపోతుంది, అక్కడా ఈ పని మనమే చెయ్యాలి. ఫ్రేమ్‌వర్క్ చిన్నదైతే ఈ రెండు చోట్లా కోడ్ నా కళ్లెదుటే ఉంటుంది, ఇంకే ఫైల్లోనో వెతుక్కోనక్కర్లేదు.

బావ: ఆ తాళం సంగతి ఒప్పుకుంటాను. మరి తెర మీద అక్షరాలు? ఒడియా పెట్టావట. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరిది! తెలుగు లేకుండా ఎలా?

బావమరిది: తెలుగు లేదని ఎవరన్నారు? చిన్నాన్నకు తెర మీద తెలుగే వస్తుంది. సామాన్లు ఎక్కించే కుర్రాళ్లు మనతో తెలుగు మాట్లాడతారు గానీ చదివేది ఒడియా. ఏ సామాను ఎంత ఎక్కించాలో రాసిన చీటీ వాళ్ల చేతికే వెళ్తుంది. గిడుగు వారు సవర గిరిజనుల కోసం సవర భాష నేర్చుకుని, ఆ భాషలోనే వాళ్లకు పుస్తకాలు రాశారు. ఆయన పేరు చెప్పి మీరు ఒడియా వద్దంటే ఎలా?

బావ: వద్దనలేదురా. మన పిల్లలే తెలుగు చదవడం మానేస్తున్నారని నా బాధ. మా అమ్మాయికి తన పేరు తెలుగులో రాయడం రాదు.

బావమరిది: ఆ బాధ నాకూ ఉంది. అది యాప్‌తో తీరేది కాదు.

బావ: సరే, తీరదు. కానీ రెండు భాషలంటే జాంగోలో అనువాదాల ఏర్పాటు ముందే ఉంది.

బావమరిది: సామాన్ల టేబుల్లో తెలుగు పేరుకొక గడి, ఒడియా పేరుకొక గడి పెట్టాను. ఈ కొట్టుకు అది చాలు.

బావ: బ్యాకప్?

బావమరిది: డేటాబేస్ మొత్తం ఒక్క ఫైలే. యాప్ నడుస్తుండగా ఉత్తినే కాపీ కొడితే సగం రాసిన ఫైలు రావచ్చు. అందుకని ఎస్‌క్యూలైట్ బ్యాకప్ కమాండ్‌తోనే రోజూ రాత్రి తీస్తాను.

బావ: మావయ్య రెండో కొట్టు పెట్టి, గుమస్తాలను పెట్టుకుంటే?

బావమరిది: ఎవరు ఏది మార్చొచ్చో హక్కులు పంచాల్సి వస్తుంది. అప్పుడు జాంగోయే నయం, మిమ్మల్నే పిలుస్తాను. మాఘమాసం ముహూర్తాలకు మాత్రం ఇదే పెడుతున్నాను. లాగిన్ పేజీ మీరొకసారి చూసి పెట్టండి.