జత ఉంటేనే బతుకుతాయట!

పొద్దున ఆరున్నరకు పాల ప్యాకెట్లు కడిగి ఫ్రిజ్‌లో పెడుతుంటే హాల్లోంచి మా చిన్నది అరిచింది. "అమ్మా, బూందీ కింద పల్లీలున్నయ్!" అని. బూందీ అంటే మా ఇంట్లో పంజరంలో ఉన్న హామ్‌స్టర్, పొట్టి తోక ఎలుకలాంటి పెంపుడు జంతువు. రాత్రి పల్లీలు ఎవరు వేశారబ్బా అనుకుంటూ వెళ్లి చూశాను. పల్లీలు కదులుతున్నాయి. ఎర్రగా, కళ్లు తెరవకుండా, ఒంటి మీద వెంట్రుక లేకుండా, ఒకదాని మీద ఒకటి పొర్లుతున్నాయి. లెక్కపెడదామని వంగితే తల్లి పళ్లు చూపించింది. కనబడినంత వరకు ఎనిమిది.

ఫోటో తీసి ఇంటివాళ్ల గ్రూపులో పెట్టాను. రెండు నిమిషాలు కాలేదు, మా అన్న రిప్లై. "కంగ్రాట్స్ చెల్లే! రెండు కొంటే ఎనిమిది ఫ్రీ." పక్కన పగలబడి నవ్వే బొమ్మలు ఆరు. వదిన ఒక గుండె గుర్తు. పిన్ని కొడుకు "ఇరవై ఒకటి ఎప్పుడక్కా, దావతుకు వస్తం" అని.

అందుకే ఇక్కడ రాస్తున్నా. గ్రూపులో రాస్తే అమ్మ మనసు కష్టపెట్టుకుంటుంది. ఇక్కడ మా అన్న లేడు. ఉన్నా ఇంత పొడుగు చదివే ఓపిక ఆయనకు లేదు. ఓపికతో చేసే పనులన్నీ మా ఇంట్లో ఎవరి వాటాకు వచ్చాయో ముందు ముందు చెప్తాను.

పిల్లకు జంతువును ఇవ్వడం నాకు ఇష్టం లేక మొత్తుకుంటున్నానని అనుకోకండి. సంక్రాంతి నుంచి అది కుందేలు కావాలని పోరు పెడుతోంది. నేను వద్దనలేదు. చూద్దామన్నాను. నిజంగానే చూశాను. రెండు నెలలు రాత్రి పూట అంట్లు తోమాక కూర్చొని చదివాను, సాదుతున్న వాళ్లను అడిగాను. పెళ్లి సంబంధం చూసినప్పుడు కూడా మా వాళ్లు ఇంత విచారించలేదు.

కుందేలు ముద్దుగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ సరిగ్గా సాదితే ఎనిమిది, పదేళ్లు బతుకుతుంది. ఇప్పుడు మూడో తరగతి చదివే పిల్ల అది పోయేసరికి ఇంటర్ దాటుతుంది. అందరూ క్యారెట్ పెడతారు, అది తీపి, ఎప్పుడో ఒక ముక్క పెట్టాలంతే. దాని అసలు తిండి గడ్డి. పళ్లు ఆగకుండా పెరుగుతూనే ఉంటాయి, రోజంతా గడ్డి నమిలితేనే అరుగుతాయి. ఆ గడ్డి ఏ గడ్డి? తిమోతి గడ్డి. ఆన్‌లైన్‌లో దాని రేటు చూసి ఫోన్ బోర్లించి పెట్టాను. మిర్యాలగూడ రోడ్డు మీద కోతలప్పుడు పోతే అటూ ఇటూ వరిగడ్డి వాములే. ఆ జిల్లాలో కూర్చొని సీమ గడ్డిని కిలోల లెక్కన కొనుక్కోవాలట. వరిగడ్డిలో దానికి కావలసిన సత్తువ లేదట. మన బర్రెలు ఏం పాపం చేశాయో.

ఇక చెవులు పట్టి లేపకూడదని మా పిల్లకు చెప్తాను సరే, దాని దోస్తులకు ఎవరు చెప్తారు? భయపడి వెనక కాళ్లతో గట్టిగా తన్నుకుంటే దాని నడుము దానికే విరుగుతుంది. పూట, రెండు పూటలు తినడం మానేసిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. మనమేమో మందుల షాపుకు పోయి జ్వరానికీ దగ్గుకూ తెచ్చుకున్న అమోక్సిసిలిన్ మిగిలితే "పాపం" అని అదే కలిపి పోస్తాం. మనకు నయం చేసే ఆ మందు నోటి ద్వారా పోస్తే కుందేలు పేగులు పాడై చచ్చిపోతుంది. మా దగ్గర పశువుల డాక్టరు గారు మంచివాడు, ఉన్నమాట చెప్పాడు. "అమ్మా, నా దగ్గరికి గొర్రె తెండి, బర్రె తెండి, కుక్కను తెండి. కుందేలుకు పళ్లు అరగదీయాలంటే మాత్రం పట్నం పోవాల్సిందే." అంతే. కుందేలు కథ అక్కడ ఆగింది.

మధ్యలో మా ఆయన దోస్తు ఒకాయన, దేవరకొండ వైపు గుట్టల్లో చెవులపిల్లి, అంటే అడవి కుందేలు, పిల్లను పట్టించి ఇస్తానన్నాడు, పైసా ఖర్చు లేకుండా. అడవి చెవులపిల్లిని పట్టడం 1972 వన్యప్రాణుల చట్టం కింద నేరమని చెప్తే, "గింత చెవులపిల్లికి గంత చట్టమా వదినా" అని నవ్వాడు. ఈ నవ్వే మగవాళ్లు నా చుట్టూనే ఎందుకు పోగవుతారో.

చివరికి గినీ పిగ్ అనుకున్నాను, తోక లేని బొద్దు ఎలుకలాంటి పెంపుడు జంతువు. రెండు, రెండూ ఆడవి. పగలు మేలుకొని ఉంటుంది, పిల్ల బడి నుంచి వచ్చేసరికి లేచే ఉంటుంది. కరవడం తక్కువ. ఫ్రిజ్ తలుపు చప్పుడు వింటే చాలు కుయ్‌మని ఈలలేస్తుంది. ఒంటరిగా ఉండలేదు కాబట్టి రెండు కావాలి. మనలాగే దాని ఒంట్లో విటమిన్ సి తయారు కాదు, కాబట్టి రోజూ కాస్త క్యాప్సికమ్, కొత్తిమీర. ఇవి ఎట్లాగూ ఇంటికి వచ్చేవే. ఒక్కటే భయం, ఎండ. 30 డిగ్రీలు దాటితే వడదెబ్బకే పోవచ్చు. మన నల్లగొండలో ఏప్రిల్, మే నెలలు ఎట్లుంటాయో మీకు చెప్పాలా? మధ్యాహ్నం ట్యాంకు నీళ్లు ముట్టుకుంటే చేయి కాలుతుంది. అందుకని పాపను కూర్చోబెట్టి చెప్పాను. మృగశిర కార్తె రానీ, నాలుగు చినుకులు పడనీ, అప్పుడు తెచ్చుకుందాం. అది ఒప్పుకుంది. క్యాలెండర్‌లో మృగశిర చుట్టూ ఎర్ర స్కెచ్‌తో సున్నా చుట్టి, దినం ఒకటి కొట్టేస్తూ వచ్చింది. ఆ క్యాలెండర్ ఇంకా ఫ్రిజ్ పక్కనే ఉంది. పద్దెనిమిది రోజుల కింద కొట్టివేతలు ఆగిపోయాయి.

పద్దెనిమిది రోజుల కింద దాని పుట్టినరోజు. మేనమామ కారు దిగాడు. చేతిలో అట్టపెట్టె, దాంట్లో గులాబీ రంగు పంజరం, మూరెడు కూడా లేదు. లోపల రెండు హామ్‌స్టర్లు. "అడిగినవ్ గదా బంగారం, మామయ్య తెచ్చిండు." అది కుందేలు అడిగింది సార్. అయినా పిల్ల ఎగిరి గంతేసింది. నా వైపు చూసి, "నువ్వు ఇంకా చదువుతనే ఉన్నవా?" అని అన్నాడు. కేకు కోశారు, ఫోటోలు దిగారు, సాయంత్రం ఐదింటికి కారెక్కాడు.

షాపువాడు చెప్పాడట, "రెండూ ఆడవే, జత ఉంటేనే బతుకుతాయి" అని. ఇవి సిరియా జాతివి. ఈ జాతి పెద్దయ్యాక పక్కన ఇంకొకటి ఉంటే ఓర్చుకోదు. ఒక పంజరానికి ఒకటే. కలిపి పెడితే కొట్టుకు చస్తాయి, లేదా ఇట్లా పిల్లలు పెడతాయి. ఇక ఆడదేదో మగదేదో అంటారా, ఎదిగిన మగదాన్ని వెనక వైపు నుంచి ఒక్కసారి చూస్తే చాలు, చదువు అక్కర్లేదు. నేను రెండో రోజే చూసి ఫోన్ చేశాను. "నువ్వు మరీ చేస్తవ్ చెల్లే, షాపాయనకు తెల్వదా?" అన్నాడు. రెండు మూడు రోజులు ఆగండి, వేరే పంజరం తెస్తానని నేను అనుకునేలోపే పని అయిపోయింది. వీటికి కాన్పు పదహారు రోజులు. నేను తొమ్మిది నెలలు మోశాను, ఇది ఒక రేషన్ నెల కూడా మోయలేదు.

షాపుకు ఫోన్ చేశాను. పెట్ షాపులకు 2018లో కేంద్రం రూల్స్ పెట్టింది, రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ చేసుకోవాలి, మీకు నంబర్ ఉందా అని అడిగాను. "మేడమ్, వాపస్ లేదు. పిల్లలు పెద్దగయినంక తీసుకరండి, ఒక్కోదానికి యాభై ఇస్తం" అన్నాడు. అంటే నేను వాడికి ఫారం నడపాలి. జీతం లేకుండా.

ఈ పద్దెనిమిది రోజుల సంగతి వినండి. హామ్‌స్టర్ రాత్రి జంతువు. పాప తొమ్మిదికి పడుకుంటుంది, అది పదికి లేస్తుంది. తెల్లవార్లూ చక్రం ఎక్కి గిరగిరా తిరుగుతుంది, పాత కుట్టుమిషన్ తొక్కినట్టు శబ్దం. పాప లేచేసరికి అది ముడుచుకొని పడుకుంటుంది. ఈ రెండింటి మధ్య మేలుకొని ఉండేది నేను. మూడో రోజు పగలు నిద్రలో ఉన్నదాన్ని పాప లేపింది, అది చూపుడు వేలు కరిచింది. రక్తం, ఏడుపు, టీటీ ఇంజెక్షన్. ఇక ఎండ. వీటికి 20 నుంచి 24 డిగ్రీల మధ్య హాయి. మా ఇంట్లో ఫ్యాను కింద కూడా అంత చల్లదనం డిసెంబర్‌లో వస్తుంది. పగిలిన కూజా సగం ముక్క ఉంటే అంచులు రాయి మీద అరగదీసి, తడిపి ఆరబెట్టి లోపల పెట్టాను. మధ్యాహ్నం రెండూ దాని కిందికి దూరి పొట్ట ఆనించి పడుకునేవి. కరెంటు పోయినప్పుడల్లా నేను లేచి పోయి ఊపిరి ఆడుతోందా అని చూడటం. ఇంట్లో మనుషులకు ఇంత సేవ లేదు.

ఈ జాతి పుట్టుపూర్వోత్తరాలు కూడా చదివాను, చదివే రోగం ఉంది కదా నాకు. 1930లో సిరియాలో అలెప్పో దగ్గర ఒక పొలంలో తవ్వి తల్లినీ పిల్లలనూ పట్టుకున్నారట. పెట్టెలో పెట్టగానే ఆ తల్లి కంగారులో ఒక పిల్లను చంపేసిందట. ఇప్పుడు ప్రపంచమంతా ఇళ్లలో తిరిగే సిరియా హామ్‌స్టర్లు దాదాపు ఆ సంతానం నుంచి వచ్చినవే. ఇది చదివాక పొద్దున నా గుండె ఎట్లా కొట్టుకుందో ఊహించుకోండి. బాలింతను కదిలిస్తే, పిల్లలను ముట్టుకుంటే అది పిల్లలను తినేయగలదు. ఎనిమిదేళ్ల పిల్లకు ఈ ముక్క ఎట్లా చెప్పాలి? "వారం రోజులు దగ్గరికి పోవద్దు" అంటే "ఎందుకు?" అంది. "మామయ్యను అడుగు" అన్నాను. ఫోన్ చేసింది. మామయ్య మీటింగులో ఉన్నాడు.

మగదాన్ని వెంటనే తీసేయాలి, లేకపోతే రెండూ కొట్టుకు చస్తాయి. పాత స్టీలు గంగాళంలో పేపరు ముక్కలు పరిచి దాన్ని వదిలాను, పైన పిండి జల్లెడ బోర్లించి, జల్లెడ మీద రోలు పొత్రం పెట్టాను. జారుడుకు ఎక్కలేక గీకుతోంది. బాలింతకు గుడ్డు ఉడికించి తెల్లసొన చిదిమి పెట్టాను. నాలుగు వారాలకల్లా ఈ ఎనిమిదింటినీ ఆడా మగా విడదీయాలి. అంటే ఇంకో రెండు గంగాళాలు. మా ఇల్లు స్టీలు సామాన్ల దుకాణమా?

గుడ్డు చిదుముతుంటే గుర్తొచ్చింది. నేను బాలింతగా ఉన్నప్పుడు కూడా అన్న వచ్చాడు. టేకు ఉయ్యాల తెచ్చాడు, చూసినవాళ్లంతా అబ్బా అన్నారు. ఉయ్యాల గడప దాటలేదు, తలుపు రెక్క ఊడదీసి మా ఆయనా పక్కింటాయనా లోపలికి మోశారు. ఆ పాటికి మేనమామ ఫోటో దిగి పట్నం చేరాడు.

చిన్నప్పుడు చెర్వుగట్టు జాతరలో రంగు కోడిపిల్లలు కొన్నాడు, ఆకుపచ్చవి రెండు, గులాబీది ఒకటి. "చెల్లెకు ప్రేమతో కొనిచ్చిండు" అని నాయన ఊరంతా చెప్పాడు. రాత్రంతా కరెంటు బుగ్గ కింద పెట్టి కాపలా కూర్చున్నది నేను. మూడో రోజు పిల్లి తీసుకుపోతే "చెల్లె చూసుకోలే" అన్నాడు.

ఇక పెద్దది. అమ్మ నా దగ్గరే ఉంటుంది, మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచి. బరువని నేను ఎన్నడూ అనలేదు, అనను. కానీ షుగర్ చూసుకునే మిషన్ కొడుకు కొనిచ్చాడు. ఆ మిషన్‌ను అమ్మ దేవుడి గూట్లో పెట్టుకుంది. దాంట్లోకి స్ట్రిప్పులు ఎవరు తెస్తున్నారని ఎన్నడూ అడగదు. యాభై స్ట్రిప్పుల డబ్బా నెలన్నరకు అయిపోతుంది. మిషన్ ఒక్కసారే కొన్నాడు సారూ. పెద్ద టీవీ కొడుకు కొనిచ్చాడు, నెల నెలా రీచార్జ్ నాది. దసరాకు వచ్చి ఆపిల్ పండ్ల కవరు అమ్మ చేతిలో పెడితే, ఆ కవరును వారం రోజులు మడతపెట్టి దిండు కింద దాచుకుంటుంది. నేను రాత్రి రెండింటికి లేచి బాత్రూంకు చెయ్యి పట్టుకొని తీసుకుపోతే "నెమ్మదిగా పట్టు, గుంజకు" అంటుంది.

హామ్‌స్టర్ల గురించి రాస్తున్నా కదా. ఎక్కడికో పోయాను. పోనీలెండి.

ఈ జంతువులు వచ్చిన రోజు అమ్మే అంది, "పైసలు పెట్టి ఎల్కలను కొన్నడా వీడు? బోన్ల వడితే సంపుతం, పంజరంల పెడితే సాదుతమా?" అని. నాకు ఎంత హాయిగా అనిపించిందో! పద్దెనిమిది రోజులు ఆ మాట పట్టుకొనే బతికాను. ఒక్కరన్నా నా వైపు ఉన్నారని.

ఇందాక బయట గేటు దగ్గర గంగాళంలోని పేపరు ముక్కలు దులుపుతున్నాను. అమ్మ కర్ర పట్టుకొని అరుగు మీద కూర్చొని ఎదురింటి అత్తమ్మతో మాట్లాడుతోంది.

"ఎనిమిది పిల్లల్ని పెట్టింది అక్కా! మా పెద్దోడు పట్నం నుంచి తెచ్చిండు. మేనకోడలంటే వానికి పానం."

ఆ అత్తమ్మ గంగాళం వైపు చూసి, "మరి గిదేంది?" అంది.

"అది మగది. అమ్మాయి కడుగుతది తియ్" అంది మా అమ్మ.