గెలిచిన పిల్లకి లోపం చెప్పకూడదా?

ఈసారి మన సంఘం ఉగాది వేడుకలో జరిగిన దాని గురించి ఎవరో ఒకరు రాయాలి. జూనియర్ బాక్సింగ్‌లో రెండో రౌండ్‌లోనే ప్రత్యర్థిని పడగొట్టి వచ్చిన మన అమ్మాయికి శాలువా కప్పారు, సంతోషం. "మన ఊరి నిఖత్ జరీన్" అన్నారు, మరీ సంతోషం. ఆమె కోచ్‌కీ మైకు ఇచ్చారు. పెద్దాయన, మన భాష మనిషి కాదు, వేదికల అలవాటూ లేదు. "కుడిచేతి దెబ్బ గట్టిది. కాళ్లు చురుగ్గా కదులుతాయి. కానీ ఎడమ హుక్ (మోచెయ్యి వంచి పక్కనుంచి కొట్టే దెబ్బ) విసిరాక ఆ చెయ్యి తిరిగి దవడ దగ్గరికి రావడం లేదు. దిద్దుకోకపోతే ఇంతకన్నా నెమ్మదైన పిల్ల కూడా పడగొట్టేస్తుంది" అన్నాడు. వ్యాఖ్యాత మైకు లాక్కున్నంత పని చేసి, "పండగపూట ఆ మాటలెందుకండీ, మన బంగారుతల్లికి తిరుగే లేదు!" అనగానే ఒకటే చప్పట్లు. భోజనాల వరసలో "పిలిచి గౌరవిస్తే పిల్ల పరువు తీశాడు" అన్నవాళ్లూ ఉన్నారు. నేను ముందు వరసలోనే ఉన్నాను. ఆయన చెబుతున్నంతసేపూ ఆ పిల్ల తలూపుతూ, శాలువా కింద నుంచి ఎడమచెయ్యి దవడ దాకా తెచ్చుకుని చూసుకుంది.

ఆయన మాట విలువ తెలియాలంటే జపాన్ బాక్సర్ నవోయా ఇనోయెని చూడండి. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో నాలుగు సంస్థలిచ్చే నాలుగు ప్రపంచ బెల్టులూ రెండు వెయిట్ విభాగాల్లో గెలిచినవాడు. 2025 మే 4న లాస్ వేగస్‌లో రామోన్ కార్డెనాస్‌ని ఎనిమిదో రౌండ్‌లో చిత్తు చేశాక అతని లెక్క 30 పోటీలు, 30 గెలుపులు, 27 నాకౌట్లు. స్టీఫెన్ ఫుల్టన్ లాంటి ఒడుపైన ఆటగాడిని 2023లో పొట్టమీద జాబ్‌లతో (ముందు చేత్తో తిన్నగా విసిరే దెబ్బలు) కుదిపి కుదిపి, మొహానికి అడ్డుపెట్టుకున్న చేతులు కిందికి దిగాక తలమీద కొట్టాడు. రెండు చేతుల్లోనూ బలం, తొందరపెట్టని కాళ్లు.

అలాంటివాణ్ని కార్డెనాస్ అదే పోటీ రెండో రౌండ్‌లో నేలమీద కూర్చోబెట్టాడు. ఇనోయె విసిరిన ఎడమ హుక్ కింద నుంచి వంగి తప్పించుకుని, ఎదురు ఎడమ హుక్ కొట్టాడు. అంతకు ఏడాది ముందు టోక్యో డోమ్‌లో లూయిస్ నెరీ చేతిలో మొదటి రౌండ్‌లోనే పడిందీ ఎడమ హుక్‌కే. రెండుసార్లూ లేచి నాకౌట్‌తో గెలిచాడు. ఆ లేవడం మామూలు బలం కాదు. అయినా ముగించేద్దామన్న ఆత్రంలో దవడ వదిలేయడం లోపమే. కార్డెనాస్‌తో పోటీ అయిన నాలుగు నెలలకి, నగోయాలో మురోద్‌జోన్ అఖ్మదలియెవ్ ఎదురైనప్పుడు నాకౌట్ కోసం వెంపర్లాడలేదు. దూరం పాటించి, 12 రౌండ్లూ ఓపిగ్గా ఆడి, పాయింట్ల మీద గెలిచాడు. నన్నడిగితే అతని నాకౌట్లన్నిటికన్నా ఆ గెలుపే గొప్పది.

పంచాంగ శ్రవణంలో రాజపూజ్యంతోపాటు అవమానమూ చదివితే శ్రద్ధగా విన్నాం, ఎవరూ అయ్యగారి మైకు లాక్కోలేదు. పిల్లల దగ్గరికొచ్చేసరికి మాత్రం దిష్టి భయం. ఆ భయంలో ఉన్నది ప్రేమే, దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ 97 మార్కులొస్తే మిగతా మూడూ ఏవని ఇంట్లో కసిరేదీ మనమే కదా. ఇంట్లో కసురుతాం, బయట పొగుడుతాం, ఎలా దిద్దుకోవాలో ఎక్కడా చెప్పం. ఆ కోచ్ చెప్పింది అదొక్కటే. నిఖత్ పేరెత్తినవాళ్లు ఇస్తాంబుల్, ఢిల్లీ ప్రపంచ స్వర్ణాలే చెప్పారు. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో చైనా అమ్మాయి వూ యూ చేతిలో ఆమె ఎక్కడ వెనకబడిందో కూడా ఈ పిల్ల తెలుసుకోవాలి.

కార్యవర్గానికి నా విన్నపం: ముందు ఆ పెద్దాయనకి సంఘం తరఫున క్షమాపణ ఉత్తరం రాయండి. ఇకమీద ఏ ఆటలో గెలిచిన పిల్లలకి సన్మానం చేసినా, వాళ్ల కోచ్‌కి ఐదు నిమిషాలు ఇవ్వండి, మధ్యలో ఆపకండి. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం పెడుతున్నాను. దయచేసి వచ్చి చెయ్యెత్తండి.