మొరీన్యో గెలిచిన కప్పులు సరే, ఆ బుట్ట సంగతేంటి?

ఆదివారం పొద్దున్న ఆర్కే బీచ్ ఇసకలో గంటసేపు బంతి తన్ని, రొప్పుకుంటూ వచ్చి టీ కొట్టు దగ్గర కూలబడ్డాం. నలభై దాటాక ఇసకలో ఫుట్‌బాల్ ఆడితే పిక్కల గతి ఏమవుతుందో ఆడినవాళ్ళకే తెలుస్తుంది. మా చిన్నాన్న కొడుకు, పాతికేళ్ళవాడు, మోకాళ్ళకి అంటిన ఇసక దులుపుకుంటూ పోర్చుగల్ ఫుట్‌బాల్ కోచ్ జోసె మొరీన్యో గురించి అడిగాడు.

"అన్నయ్యా, ఇంకో ఇరవై ఏళ్ళు పోయాక మొరీన్యో అంటే జనానికి ఏటి గుర్తుంటాది?"

"కప్పులు" అన్నాను, ఆలోచించకుండానే.

"నీకు కప్పులు. మాకు రీల్స్‌లో అతని గొడవలే తెలుసు. ఓసారి బట్టల బుట్టలో దాక్కున్నాడంట కదా, అది భలే ఉంటాది!"

అప్పుడు నేనూ నవ్వాను. ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే మనసు మాత్రం ఆ బుట్ట దగ్గరే ఆగిపోయింది. అందుకే ఈ పోస్టు. పొడుగ్గా ఉంటుంది, ఓపికున్నవాళ్ళు చదవండి.

ముందే చెప్పేస్తున్నా, నేను అతని వ్యతిరేకిని కాను. 2010 మే 22 రాత్రి నేను మేలుకున్నది అతని కోసమే. మన టైములో మ్యాచ్ పన్నెండుంపావుకి మొదలు. లైలా తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటి రెండు రోజులైంది. కంచరపాలెంలో మా మేడ మీది గదిలో కరెంటు వస్తోంది, పోతోంది. మాడ్రిడ్‌లో అతని జట్టు ఇంటర్ మిలాన్‌కీ బాయర్న్ మ్యూనిక్‌కీ, యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు చాంపియన్స్ లీగ్ ఫైనల్. ఇంటర్ ఆటగాడు డీగో మిలీతో కొట్టిన మొదటి గోల్ కళ్ళారా చూశాను. రెండో గోల్‌కి ముందు కరెంటు పోయింది. చీకట్లో చెమటలు తుడుచుకుంటూ కూర్చుంటే గాజువాక నుంచి ఫ్రెండు ఫోన్ చేశాడు. "రెండు. మళ్ళీ మిలీతోనే" అని పెట్టేశాడు. అంతే, నేను చీకట్లోనే గంతులేశాను. కింద నుంచి అమ్మ "ఏట్రా ఆ దభేలుదభేలు" అని కేకేసింది.

దానికి ముందు బార్సిలోనాతో సెమీఫైనల్ గుర్తుందా? ఐస్‌లాండ్‌లో అగ్నిపర్వతం బద్దలై విమానాలు ఆగిపోతే బార్సిలోనా వాళ్ళు బస్సులో మిలాన్ వెళ్ళి 3-1తో ఓడారు. రెండో మ్యాచ్ వాళ్ళ ఊళ్ళో. అరగంట కాకుండానే ఇంటర్ ఆటగాడు థియాగో మొట్టాకి రెడ్ కార్డు. అక్కణ్ణుంచి ఇంటర్ పదిమందీ గోడ కట్టినట్టు నిలబడ్డారు. ఒక్క గోల్ తిని, మ్యాచ్ ఓడి, రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి 3-2తో ఫైనల్‌కి వెళ్ళారు. మొరీన్యో చెయ్యి పైకెత్తి గ్రౌండ్‌లోకి పరిగెత్తుతుంటే అక్కడివాళ్ళు ఒళ్ళు మండి నీళ్ళ స్ప్రింక్లర్లు తిప్పేశారు. ఆ తడిలోనే తిరుగుతున్నాడు మహానుభావుడు. ఫైనల్ అయ్యాక స్టేడియం బయట కారు దిగి, గోడకి ఆనుకుని నిలబడ్డ ఇంటర్ డిఫెండర్ మాటరాజీని కౌగిలించుకుని ఏడ్చాడు. ఆ ఫైనల్లో మాటరాజీ ఆడింది ఆఖరి నిమిషాలే. తనను బెంచీ మీద కూర్చోబెట్టిన మేనేజర్ క్లబ్బు వదిలి వెళ్ళిపోతున్నాడని అంత కండలవీరుడు వెక్కివెక్కి ఏడ్చాడంటే, ఆటగాళ్ళతో అతనికి ఏదో ఉంది. దాన్ని కాదనలేను.

మిగతా లెక్కలు గబగబా చెప్పేస్తాను. 2004లో పోర్టోతో చాంపియన్స్ లీగ్. ఆ ఏడే ఇంగ్లండ్‌లో చెల్సీకి వచ్చి, యాభై ఏళ్ళ తర్వాత ఆ క్లబ్బుకి ఇంగ్లండ్ లీగ్ టైటిల్ తెచ్చాడు. ఆ సీజన్ 38 మ్యాచ్‌ల్లో చెల్సీ తిన్న గోల్స్ 15. ప్రీమియర్ లీగ్‌లో ఆ రికార్డు ఇరవై ఏళ్ళు దాటినా చెక్కుచెదరలేదు. రియల్ మాడ్రిడ్‌తో 2011-12లో 100 పాయింట్లు, 121 గోల్స్. ఇతను డిఫెన్సే ఆడిస్తాడని తిట్టేవాళ్ళు ఈ 121 మాటెత్తరు, గమనించండి. నాలుగు క్లబ్బుల్లో కలిపి, సొంత గ్రౌండ్‌లో తొమ్మిదేళ్ళపాటు, 150 లీగ్ మ్యాచ్‌లు, ఓటమి లేదు. 2022లో రోమాతో యూరప్‌లో మూడో శ్రేణి కప్పు, కాన్ఫరెన్స్ లీగ్ కూడా గెలిచాడు.

తనని దేనితో గుర్తుపెట్టుకోవాలో అతనే మనకి చెప్పాడు కూడా. 2018 ఆగస్టులో అప్పటి అతని జట్టు మాంచెస్టర్ యునైటెడ్ సొంత గ్రౌండ్‌లో టోటెనమ్ చేతిలో 3-0తో ఓడింది. ప్రెస్ మీట్‌లో మూడు వేళ్ళు చూపించి, ఇది స్కోరు ఒక్కటే కాదు, నేను గెలిచిన ప్రీమియర్ లీగులు కూడా మూడే, మిగతా 19 మంది మేనేజర్లు కలిపి గెలిచినవి రెండే అన్నాడు. గౌరవం, గౌరవం, గౌరవం అంటూ లేచి వెళ్ళిపోయాడు. పెళ్ళిలో వడ్డన సరిగ్గా జరగలేదని విస్తరి ముందు నుంచి లేచిపోయే పెదనాన్నలు మనకీ ఉన్నారు కాబట్టి నాకు ఆ సీను బాగా నచ్చింది.

ఇక బుట్ట.

కథ ఇది. 2005లో చెల్సీకి చాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్, బాయర్న్‌తో. మొరీన్యో మీద నిషేధం ఉంది, డ్రెస్సింగ్ రూమ్‌లోకి రాకూడదు. ఎవరూ రాకముందే వెళ్ళి లోపల కూర్చున్నాడు. బయటికి వెళ్ళేటప్పుడు మాసిన బట్టలు తోసుకెళ్ళే బుట్టలో దూరాడు. యూరప్ ఫుట్‌బాల్ సంఘం యుయెఫా వాళ్ళ కళ్ళబడకుండా మూత పూర్తిగా వేసేసరికి ఊపిరాడలేదట. ఇదంతా తనే తర్వాత నవ్వుతూ చెప్పుకున్నాడు. మనమూ నవ్వుతాం.

అసలు ఆ నిషేధం ఎందుకు పడింది? మా తమ్ముడికి తెలీదు, రీల్ చేసినవాడికీ తెలిసుండదు. అంతకు ముందు రౌండ్‌లో బార్సిలోనాతో మ్యాచ్. రెఫరీ స్వీడన్‌కి చెందిన ఆండర్స్ ఫ్రిస్క్. చెల్సీ ఆటగాడు ద్రోగ్బాకి రెడ్ కార్డు, చెల్సీ 2-1తో ఓడింది. హాఫ్ టైమ్‌లో బార్సిలోనా కోచ్ రైకార్డ్ రెఫరీ గదిలోకి వెళ్ళాడని మొరీన్యో అన్నాడు. అన్నది నిమిషం పని. ఆ తర్వాత ఫ్రిస్క్‌కి, అతని కుటుంబానికి చంపుతామని బెదిరింపులు. కొన్ని వారాల్లోనే ఫ్రిస్క్ రెఫరీ పనే మానేశాడు. మొరీన్యోకి పడింది రెండు మ్యాచ్‌ల నిషేధం, కొంత జరిమానా. ఆ రెండు మ్యాచ్‌ల్లో ఒకదానికే ఈ బుట్ట. అంటే ఒకాయన విజిల్ పక్కన పడేసి ఇంట్లో కూర్చుంటే, ఇంకొకాయనకి జీవితాంతం చెప్పుకోడానికి ఓ జోకు మిగిలింది.

కుర్రతనం అని సరిపెట్టుకుందామంటే, పద్దెనిమిదేళ్ళ తర్వాత మళ్ళీ అదే. 2023 మే 31న బుడాపెస్ట్‌లో, యూరప్‌లో రెండో శ్రేణి కప్పు యూరోపా లీగ్ ఫైనల్. రోమా పెనాల్టీల్లో సెవియా చేతిలో ఓడింది. మొరీన్యో కార్ పార్కింగ్‌లో కాపు కాసి రెఫరీ ఆంథొనీ టేలర్‌ని బూతులు తిట్టాడు. మర్నాడు ఎయిర్‌పోర్టులో రోమా అభిమానులు టేలర్‌నీ అతని కుటుంబాన్నీ చుట్టుముట్టారు, కుర్చీ కూడా విసిరారు. ఈసారి నాలుగు మ్యాచ్‌ల నిషేధం. అప్పటికి అతనికి అరవై ఏళ్ళు.

నోటి దురుసు ఒక్కటే అయితే నాకు పేచీ లేదు. 2014లో ఆర్సెనల్ మేనేజర్ వెంగర్‌ని "ఓటమిలో స్పెషలిస్టు" అన్నాడు. అననీండి. వెంగర్‌కీ అంత పేరుంది, అతని ముందూ అన్ని మైకులున్నాయి. ఆ ఏడాది అక్టోబర్‌లో టచ్‌లైన్ దగ్గర మొరీన్యోని ఓ తోపు తోశాడు కూడా. అది ఇద్దరు జమీందార్ల తగాదా, మనం చూసి ఆనందించవచ్చు. అదే మనిషి డాక్టర్ మీద పడ్డప్పుడే నాకు గొంతులో ముల్లు దిగింది.

2015 ఆగస్టు 8. అప్పటికి అతను మళ్ళీ చెల్సీలో ఉన్నాడు. చెల్సీ, స్వాన్సీ మ్యాచ్ 2-2. ఆట ముగిసిపోతోంది. గోల్‌కీపర్ కుర్త్వాకి అప్పటికే రెడ్ కార్డు, చెల్సీ పదిమందే ఉన్నారు. చెల్సీ ఆటగాడు అజార్ కింద పడ్డాడు. రెఫరీ చెయ్యూపి పిలిచాడు. డాక్టర్ ఈవా కార్నేరో, ఫిజియో లోపలికి పరిగెత్తారు. వైద్యం చేయించుకున్న ఆటగాడు కాసేపు బయటికి రావాలన్నది రూలు. చెల్సీ కొన్ని క్షణాలు తొమ్మిదిమందితో ఆడింది. మొరీన్యో బెంచీ దగ్గర కోపంతో గంతులేశాడు. మ్యాచ్ తర్వాత, వీళ్ళకి ఆట అర్థం కాదు, అమాయకులు అని మైకులో అన్నాడు. ఆవిడ ఆ సెప్టెంబరులో క్లబ్బు వదిలేసింది, కేసు వేసింది. 2016 జూన్‌లో రాజీ కుదిరింది. డాక్టర్ తన డ్యూటీ సరిగ్గానే చేసిందని చెల్సీ బేషరతుగా క్షమాపణ చెప్పింది. మొరీన్యోని ఆ క్లబ్బు అప్పటికే, 2015 డిసెంబర్‌లో, ఇంటికి పంపేసింది.

నేలమీద పడ్డ మనిషి దగ్గరికి డాక్టర్ పరిగెత్తింది. ఇందులో ఆట అర్థం కావాల్సింది ఏముందండీ?

కాలం అన్నిటినీ కడిగేస్తుందని మీరనొచ్చు. నిజమే, కడిగేస్తుంది. ఇంగ్లండ్ మేనేజర్ బ్రయన్ క్లఫ్‌ని చూడండి. నాటింగమ్ ఫారెస్ట్ లాంటి మామూలు క్లబ్బుకి 1979లో, 1980లో వరసగా యూరోపియన్ కప్పులు తెచ్చాడు. ఆయన నోరు ఇంకా పెద్దది. "ఈ వృత్తిలో నేనే గొప్పవాణ్ణని అనను, కానీ టాప్ ఒకటిలో ఉంటాను" అన్నాడు. ఇప్పుడు నాటింగమ్ నడిబొడ్డున ఆయన విగ్రహం ఉంది, ఆ మాట పిల్లలు కూడా చెప్పుకుంటారు. తన జట్టులోని జస్టిన్ ఫషాను అనే కుర్రాణ్ణి, గే అని తెలిసి, అదే క్లఫ్ ఎలా వేధించాడో ఆ విగ్రహం చెప్పదు. కంచుకి ఆ బాధ్యత లేదు కదా.

అలాగని కోపం లేకపోతే కోచ్ కాలేడన్నది కూడా ఒప్పుకోను. భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్, మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ ఉన్నారు. 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన చేతి చలవే. క్రమశిక్షణలో మహా గట్టి మనిషి. 1963లో కేన్సర్‌తో పోయారు. వైజాగ్‌లో పదిమందిని ఆపి అడగండి, ఎంతమంది చెబుతారో. అది వేరే ఏడుపు, ఇంకో రోజు ఏడుద్దాం.

ఇదంతా నాకెందుకు ఇంత పట్టుకుందో చెప్పాలి. 1996లో మా జట్టు కోచ్ సార్ అచ్చం ఇలాగే ఉండేవారు. సన్నగా, నోట్లో విజిల్, చేతిలో వేపబెత్తం. మమ్మల్ని తిట్టేవారు, కొట్టేవారు, మ్యాచ్ గెలిస్తే సొంత డబ్బులతో పరోటాలు పెట్టించేవారు. సార్ కోసం గోడలోంచైనా దూరేవాళ్ళం. గ్రౌండ్‌లో సున్నంతో గీతలు గీసే తాత ఒకాయన ఉండేవాడు. ఓ సాయంత్రం పెనాల్టీ బాక్స్ గీత కొంచెం వంకర వచ్చింది. సార్ వచ్చి ఏమీ అనకుండా సున్నం బకెట్‌ని ఒక్క తన్ను తన్నారు. సున్నం నీళ్ళు తాత పంచె మీద, మొహం మీద పడ్డాయి. తాత కళ్ళు మూసుకుని, తడుముకుంటూ కుళాయి దగ్గరికి వెళ్ళి చాలాసేపు కడుక్కున్నాడు. మళ్ళీ వచ్చి సున్నం కలిపి ఆ గీత గీశాడు. మేం పదిహేనుమందిమి అక్కడే ఉన్నాం. నేను ముడేసిన లేసు విప్పి మళ్ళీ ముడేసుకున్నాను.

రెండు వారాల తర్వాత టోర్నీ గెలిచాం. సార్‌ని భుజాల మీద మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆ సార్ పోయారు. సంస్మరణ సభకి పాత జట్టంతా వెళ్ళాం. ఒక్కొక్కరూ లేచి మాట్లాడారు. క్రమశిక్షణ, పరోటాలు, ఆ కప్పు. నన్నూ పిలిచారు. నేనూ అవే మాట్లాడాను, చివర్లో గొంతు కూడా పూడుకుపోయింది, అబద్ధం కాదు. వచ్చి కూర్చున్నాక పక్కన మా పాత గోల్‌కీపర్ నా చెవి దగ్గరికి వంగాడు.

"సున్నం తాత సంగతి చెప్తావనుకున్నాన్రా."

"నీకు గుర్తుందా?"

"అందరికీ గుర్తుంది."

"మరి నువ్వే చెప్పొచ్చుగా."

"నన్ను మైకు దగ్గరికి పిలవలేదుగా" అన్నాడు.