కిర్రుమంటే బాటమ్ బ్రాకెట్ పోయినట్టేనా?

బాటమ్ బ్రాకెట్ (బీబీ) అంటే సైకిల్ ఫ్రేము అడుగున, క్రాంక్ (పెడళ్లు బిగించే చేతులు) ఇరుసు తిరిగే బేరింగుల జత. రోడ్ బైకులు, అంటే రోడ్డు సైకిళ్లు, తొక్కేవాళ్ల మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది: "పెడల్ మీద బరువు వేయగానే కిర్రుమంటే బాటమ్ బ్రాకెట్ పోయినట్టే. డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టండి, తగ్గకపోతే కొత్తది వేయించండి. మర బీబీకి (ఫ్రేములోకి మరతో బిగించేదానికి) అసలు ఈ బాధే ఉండదు." మూడు మాటలూ తప్పే. మొదటిదాన్ని నమ్మితే డబ్బు కూడా దండగ.

కిర్రుమంటే బీబీ పోయినట్టే అన్నది. అరిగిన బేరింగ్ సాధారణంగా గరగరమంటుంది, లేదా క్రాంక్ పట్టుకుని అటూ ఇటూ ఊపితే కదులుతుంది. కిర్రు వేరు. బిగిసి ఉండాల్సిన రెండు భాగాలు బరువు పడినప్పుడు వెంట్రుకవాసి జారి, ఆగి, మళ్లీ జారితే వచ్చే చప్పుడది. బోలు కార్బన్ గొట్టాల్లో అది ఎక్కడ పుట్టినా కాళ్ల కిందే వినిపిస్తుంది. అందుకే వెతకడానికి ఒక వరస కావాలి. నిలబడి తొక్కితే ఆగిందా? సీటు రైళ్లు, సీట్‌పోస్ట్ చూడండి. ఆగలేదా? పెడళ్లు విప్పి, మరలు తుడిచి, గ్రీజు రాసి 35 న్యూటన్ మీటర్లకు (ఇది బిగింపు బలానికి కొలత) తగ్గకుండా బిగించండి (ఎడమ పెడల్‌కు తిరగమర, అంటే ఎడమవైపు తిప్పితే బిగుస్తుంది). ఆ తర్వాత చైన్‌రింగ్ (ముందు పళ్ల చక్రం) బోల్టులు, వెనక చక్రం యాక్సిల్, డిరైల్యూర్ హ్యాంగర్ (వెనక గేర్లు మార్చే డిరైల్యూర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క). హ్యాంగర్‌ని చాలామంది మరిచిపోతారు. విప్పి తుడిచి పల్చగా గ్రీజు పూస్తే చాలు. ఇక క్రాంక్. షిమానో హాలోటెక్ 2 రకం అయితే ప్రీలోడ్ క్యాప్ (ఎడమ క్రాంక్‌ను లోపలికి నొక్కే మూత) 0.7–1.5, పించ్ బోల్టులు (ఆ క్రాంక్‌ను ఇరుసుకు బిగించేవి) 12–14 న్యూటన్ మీటర్లు. పించ్ బోల్టులు వదులు చేయకుండా క్యాప్ తిప్పకండి. ఇవన్నీ అయ్యాకే బీబీ జోలికి వెళ్లాలి.

డబ్ల్యూడీ-40 సంగతి. సీళ్ల సందుల్లోంచి లోపలికి దిగి బేరింగ్ గ్రీజును పల్చన చేస్తుంది. చప్పుడు కొన్నాళ్లు ఆగొచ్చు, కానీ బాగున్న బేరింగ్ పాడవడం మొదలవుతుంది.

మర బీబీ కిర్రుమనదా? మరలు ఎండిపోతే, కప్పు (బేరింగ్ కూర్చునే గిన్నె) వదులైతే అదీ కిర్రుమంటుంది. బీఎస్ఏ (ఇంగ్లిష్ మర) రకం కప్పులు విప్పి, పాత గ్రీజు పూర్తిగా తుడిచి, కొత్తది రాసి 35–50 న్యూటన్ మీటర్లకు బిగించాలి. చైన్ వైపు కప్పుకు తిరగమర ఉంటుంది. ఇటాలియన్ మర ఉన్న షెల్‌లో (షెల్ అంటే బీబీ కూర్చునే ఫ్రేము గొట్టం) రెండు వైపులా మామూలు మరే కాబట్టి, చైన్ వైపు కప్పు తొక్కేకొద్దీ వదులవుతుంటుంది. దాన్ని అప్పుడప్పుడు చూసుకోవాలి.

ప్రెస్-ఫిట్‌కు (మర లేకుండా ఫ్రేములోకి నొక్కి దించే బీబీకి) ఈ బాధ ఎక్కువన్నది మాత్రం నిజం. సైకిళ్ల కంపెనీ స్పెషలైజ్డ్ 2020లో తన టార్మాక్ ఎస్ఎల్7 బైకుకు మళ్లీ మర బీబీ పెట్టింది. కానీ తప్పు చాలాసార్లు షెల్‌ది. బీబీ86 అనే ప్రెస్-ఫిట్ రకానికి షెల్ రంధ్రం 41 మిల్లీమీటర్లు ఉండాలి. అది కోలగా ఉన్నా, రెండు వైపులా ఒకే గీతలో లేకపోయినా, అదే రకం కొత్త బీబీ వేస్తే మళ్లీ కిర్రే. అలాంటి ఫ్రేముకు రెండు కప్పులూ మధ్యలో మరతో ఒకదానికొకటి బిగిసే రకం వేయించండి. సుత్తితో కొట్టనివ్వకండి, బేరింగ్ ప్రెస్ వాడమనండి. ప్లాస్టిక్ కప్పులకు రిటైనింగ్ కాంపౌండ్ (కప్పు కదలకుండా పట్టే జిగురు) పూసే ముందు తయారీదారు సూచన చదవండి. కొన్ని రకాలకు ప్లాస్టిక్ పగులుతుంది.