యూనిట్‌కు 46 డాలర్ల అప్రతిష్ఠ

కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్, డబ్లిన్, శాన్ రమోన్ వైపు తెలుగు ఇళ్లలో ఒక వింత జాడ్యం పొడచూపుతోంది. పిల్ల పన్నెండో తరగతి పూర్తిచేసి ఉంటుంది. మార్కులకు లోటు లేదు, ఒంట్లో నలత లేదు. అన్నం కలుపుకుంటూ "నేను కమ్యూనిటీ కాలేజీలో చేరతాను. తర్వాత చిన్నపిల్లల బళ్లో టీచర్నవుతాను" అంటుంది. తండ్రి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోతుంది. తల్లి మాత్రం తేరుకుని "ఎవరు నూరిపోశారే నీకు ఇదంతా?" అని అడుగుతుంది.

బతకలేక బడిపంతులు అన్నారు మన పెద్దలు. విమానంలో చెరి రెండు పెట్టెలే తెచ్చుకున్నా, ఆవకాయ సీసా పక్కన ఆ సామెతను కూడా పగలకుండా సర్దుకొచ్చాం. కాబట్టి ఈ దారిలో పొంచి ఉన్న ప్రమాదాలను కుటుంబాలకు ఎరుకపరచడం మా విద్యుక్తధర్మం.

మొదటి అభ్యంతరం ధర. కమ్యూనిటీ కాలేజీ అంటే రెండేళ్ల ప్రభుత్వ కాలేజీ. కాలిఫోర్నియా నివాసులకు అక్కడ ఫీజు యూనిట్‌కు (కోర్సు బరువును కొలిచే లెక్క) 46 డాలర్లు. 2012లో పెట్టిన రేటు, పుష్కరం దాటినా కదల్లేదు. అసోసియేట్ అనే రెండేళ్ల డిగ్రీకి 60 యూనిట్లు, అంటే మొత్తం 2,760 డాలర్లు. ఆరోగ్య ఫీజు, పార్కింగు, పుస్తకాలు వేరు. పైగా మొదటిసారి కాలేజీ మొహం చూస్తూ సెమిస్టరుకు కనీసం 12 యూనిట్లు తీసుకునేవాళ్లకు "ప్రామిస్" పథకం కింద రెండేళ్ల ఫీజూ మాఫీ చేసే కాలేజీలు బోలెడు. ఇంత చవగ్గా దొరికేది చదువెలా అవుతుంది? అప్పు లేని చదువుకు నలుగురిలో ఏం గౌరవం? బిడ్డ లోనుకు సంతకం పెట్టామని పుట్టినరోజు పార్టీలో నిట్టూర్చే భాగ్యం కూడా ఆ తల్లిదండ్రులకు దక్కదు.

అయితే పరువు కాపాడుకోవడానికి ఒక సందు ఉంది. ఆ 46 డాలర్లు రాష్ట్రంలో ఏడాది మీద ఒక్క రోజు కాపురమున్నవాళ్లకే. టెక్సస్ నుంచి మొన్న దిగినవాళ్లు దానికి ఎన్నో రెట్లు కట్టవచ్చు. ఎఫ్1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లకూ అంతే. హెచ్4 (హెచ్1 ఉద్యోగుల భార్యాభర్తలకు, పిల్లలకు ఇచ్చే వీసా) మీద ఉన్నవాళ్లు మాత్రం నివాసం రుజువు చేసుకుంటే స్థానికుల రేటుకే చదవచ్చు. దరఖాస్తులో వీసా ప్రశ్నకు ఏదో ఒకటి నొక్కేసి, బిల్లు చూశాక గుండె పట్టుకోవడం రివాజు. అద్దె ఒప్పందం, పన్ను పత్రాలు, డ్రైవింగ్ లైసెన్సు పట్టుకుని అడ్మిషన్ల ఆఫీసుకు క్లాసులు మొదలవకముందే వెళ్లాలి. మొదలయ్యాక వెళ్తే వినయంగా వచ్చే సెమిస్టరుకు రమ్మంటారు.

రెండో ప్రమాదం పేర్లు. "చిన్నపిల్లలకు చెప్పాలనుంది" అనగానే చాలామంది ఎర్లీ చైల్డ్‌హుడ్ ఎడ్యుకేషన్‌లో చేరిపోతారు. అది ప్రీస్కూలు దారి. అందులో 12 యూనిట్లూ 50 రోజుల పని అనుభవమూ ఉంటే అసోసియేట్ టీచర్ పర్మిట్ వస్తుంది. మంచిదే, కానీ దానితో రెండో తరగతి గదిలోకి పోలేం. ఆ గదికి వెళ్లాలంటే చేరవలసింది ఎలిమెంటరీ టీచర్ ఎడ్యుకేషన్‌లో. డిగ్రీ పేరు చివర "ఏఏ-టీ" అని ఉండాలి. ఆ చివరి "టీ" ట్రాన్స్‌ఫర్‌కు గుర్తు. అది లేకపోతే తర్వాతి ప్రయాణం కాలినడకే. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా చెప్పేవాళ్లను "సెకండరీ గ్రేడ్ టీచర్" అని పిలిచే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లకు పేర్లు నమ్మకూడదని వేరే చెప్పాలా?

2010లో చేసిన చట్టం ప్రకారం ఈ ట్రాన్స్‌ఫర్ డిగ్రీ ఉన్నవాళ్లకు కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థలో సీటు ఖాయం. వ్యవస్థలో ఖాయం అన్నారు గాని మీ ఇంటి పక్క క్యాంపస్‌లో అనలేదు. మరో మెలిక: కోర్సు "బదిలీ అవుతుంది" అంటే డిగ్రీకి "అక్కరకొస్తుంది" అని కాదు. కాలేజీలోని ఏ కోర్సు యూనివర్సిటీలోని ఏ కోర్సుకు సమానమో అసిస్ట్ డాట్ ఆర్గ్ అనే సైటులో కాలేజీల వారీగా ఉంటుంది. అది తెరవకుండా, స్నేహితురాలు తీసుకుందని ఫొటోగ్రఫీ, ప్రొఫెసరు మంచివాడని సినిమా చరిత్ర తీసుకుంటే 80 యూనిట్లు పోగవుతాయి. యూనివర్సిటీ వాటిలో 70కి మించి లెక్కలో వేసుకోదు. కౌన్సెలర్‌తో కూర్చుని విద్యా ప్రణాళిక రాయించుకోమని కాలేజీ మొదటివారం నుంచీ మొత్తుకుంటుంది. ఇంట్లో అన్నయ్య సాఫ్ట్‌వేర్ ఇంజనీరు కనుక కౌన్సెలర్ అవసరం లేదని మనవాళ్లు తీర్మానిస్తారు.

చదవాల్సిన సబ్జెక్టుల జాబితా చూస్తే మన నాగరికతకే సవాలు. జీవశాస్త్రం, భౌతికశాస్త్రం, భూమి గురించి ఒకటి, ప్రపంచ చరిత్ర, అమెరికా చరిత్ర, ప్రభుత్వం, భూగోళం, బాలసాహిత్యం, శిశువికాసం, నలుగురి ముందు మాట్లాడడం. ఎంపీసీలో చేరిన రోజే చరిత్రకు నీళ్లొదిలిన జాతి మనది. ఒకే మనిషికి ఇవన్నీ తెలిసి ఉండాలనడం అత్యాశ కాదా?

పోనీ, లెక్కలు మన సొంతం కదా అనుకుంటాం. అసలు పరువు పోయేది అక్కడే. ఎలిమెంటరీ టీచర్ల గణితమని ఒక కోర్సు ఉంది. ఏపీ కాల్కులస్‌లో (ఈ ఏపీ ఆంధ్రప్రదేశ్ కాదు, హైస్కూల్లో చెప్పే కాలేజీ స్థాయి కోర్సు) ఐదుకు ఐదు వచ్చినా ఇది తప్పదు. పేరు చూసి నవ్వి చేరతారు. రెండో వారంలో ప్రొఫెసరు ఒక చిన్న పని చెబుతారు: ఒకటీ ముప్పావును అరతో భాగించాల్సిన సందర్భం ఒకటి ఊహించి లెక్కగా రాయండి. జవాబు మూడున్నర అని అర సెకనులో చెప్పేస్తారు, భిన్నాన్ని తలకిందులు చేసి గుణించడం వెన్నతో పెట్టిన విద్య. సందర్భం రాయమంటే మాత్రం "ఒకటీ ముప్పావు కిలో మైసూరుపాకు ఇద్దరికి సమంగా పంచితే" అని మొదలుపెడతారు. అది రెండుతో భాగించడం, అరతో కాదు. ఆ పంపకంలో మనిషికి కిలో కూడా రాదు, మూడున్నర ఎక్కణ్నుంచి వస్తుంది?

కావాల్సిన లెక్క ఇలా ఉండాలి: ఇంట్లో ఒకటీ ముప్పావు కిలో మినప్పప్పు ఉంది, రోజుకు అరకిలో నానబోస్తే ఎన్ని రోజులకు వస్తుంది? మూడు రోజులు గడిచాక పావుకిలో మిగులుతుంది. అక్కడ ఇంకో గుంట. మిగిలింది పావు కనుక జవాబు మూడుంబావు అని సగం క్లాసు రాస్తుంది. పావుకిలో అంటే ఒక రోజు సరుకులో సగం కాబట్టి మూడున్నర. దేన్ని ఒకటిగా పట్టుకుని కొలుస్తున్నామో మరిచిపోతే వచ్చే తప్పు ఇది. పదకొండేళ్ల పిల్లవాడు ఇదే తప్పు చేసి ఎందుకు తప్పని అడిగితే, "రూలు అంతే" అనని మనిషిని తయారుచేయడం ఈ కోర్సు ఉద్దేశం. ముప్పావులో వీసాలెన్ని (పాస్‌పోర్టులోవి కాదు, వీసమంటే పదహారో వంతు) అని అడిగితే మన ముత్తవ్వ ఏదీ తలకిందులు చేయకుండానే పన్నెండు అనేది. ఆవిడ బడికి వెళ్లలేదు గనుక ఆ విషయం మనం పరిగణనలోకి తీసుకోం.

తర్వాతది ఐదు మూలంగా ఉన్న సంఖ్యలు, అంటే పదేసికి బదులు ఐదేసి కట్టలుగా లెక్కపెట్టేవి. అందులో 34కు 23 కలిపితే 112. నాలుగూ మూడూ ఏడు, అంటే ఒక ఐదు కట్టా విడిగా రెండూ. రెండు వేసి కట్టను పక్కకు పంపాలి. మూడూ రెండూ, వచ్చిన ఒకటీ ఆరు కట్టలు, అంటే ఐదు కట్టల మోపు ఒకటీ మిగిలిన కట్ట ఒకటీ. హెక్సాడెసిమల్‌తో (పదహారు మూలంగా ఉన్న కంప్యూటరు సంఖ్యలతో) ఇరవయ్యేళ్లుగా కాపురం చేస్తున్న తండ్రిగారు "ఇదేనా?" అని పక్కన కూర్చుంటారు. అన్నిటినీ పదిలోకి మార్చి, కూడి, మళ్లీ ఐదులోకి మార్చి చూపిస్తారు. జవాబు ఒప్పు, మార్కులు సున్నా. పుల్లలను కట్టలు కట్టి, ఎందుకు కట్టామో నోటితో చెప్పాలి. ఆరేళ్ల పిల్లకు పది అనే సంఖ్య ఎంత కొత్తగా, ఎంత బెదురుగా ఉంటుందో పెద్దవాళ్లకు మళ్లీ తెలియడానికి పెట్టిన చెర ఇది.

ఇక 45 గంటలు. ఎలిమెంటరీ తరగతిని పరిచయం చేసే కోర్సు ఒకటుంది. అందులో ప్రభుత్వ బడిలో అసలైన తరగతిలో 45 గంటలు కూర్చోవాలి. వారానికి మూడు గంటల చొప్పున పదిహేను వారాల్లో హాయిగా అయిపోతుంది. అలా చేసినవాళ్లు తక్కువ. బడిని మనమే వెతుక్కోవలసి వచ్చిన చోట ఆరోవారం దాకా ఈమెయిళ్లే నడుస్తాయి. వేలిముద్రలు కావాలి. ఒక సంస్థ కోసం ఇచ్చిన లైవ్ స్కాన్ (యంత్రంలో తీసే వేలిముద్రలు) ఇంకో సంస్థకు చెల్లదు. ఫారం మీద కోడు వేరు, డబ్బులు మళ్లీ కట్టాలి. అందుకే ఏ స్కూల్ డిస్ట్రిక్టో తేలాకే వేలు పెట్టాలి. క్షయ లేదని కాగితం కూడా కావాలి. ఇండియాలో పుట్టి చిన్నప్పుడు బీసీజీ టీకా వేయించుకున్నవాళ్లకు చర్మపరీక్షలో చెయ్యి పొంగి పాజిటివ్ అనిపించవచ్చు. అక్కణ్నుంచి ఛాతీ ఎక్స్‌రే, రెండు వారాల జాప్యం. మొదటే రక్తపరీక్ష అడిగితే ఈ గొడవ ఉండదు. ఇంతా చేసి వసంతంలో వెళితే అప్పటికి రాష్ట్ర పరీక్షలు దగ్గరపడి ఉంటాయి, తలుపు తీసేవాళ్లుండరు. ప్రతి సందర్శనకూ టీచరు సంతకం అప్పటికప్పుడే తీసుకోవాలి. డిసెంబరులో ఒక్కసారే పదిహేను సంతకాలు అడిగితే ఆవిడ మొహంలో కనిపించేది శిశువికాస పుస్తకంలో లేదు.

ఈ జాడ్యం పిల్లలతో ఆగడం లేదు. ఎంటెక్ చదివి, హెచ్4 మీద వచ్చి, వంటింటికీ కార్‌పూల్ వరసకీ మధ్య పదేళ్లు తిరిగిన కోడళ్లకూ పాకింది. వారికి మా హెచ్చరిక: మళ్లీ అసోసియేట్ డిగ్రీలో చేరకండి, డిగ్రీ ఉన్నవాళ్లకు అది దండగ. నాలుగేళ్ల బీటెక్‌ను రాష్ట్ర టీచర్ల కమిషన్ గుర్తించిన సంస్థతో మదింపు చేయించుకుంటే నేరుగా క్రెడెన్షియల్ (టీచరు లైసెన్సు) కోర్సుకు దరఖాస్తు పెట్టవచ్చు. మూడేళ్ల డిగ్రీతోనే ఆగినవాళ్లకు అక్కడ చిక్కు వస్తుంది. కమ్యూనిటీ కాలేజీ మీకు పనికొచ్చేది అమెరికా రాజ్యాంగం లాంటి అతుకులకే. నాలుగేళ్ల పిల్లల టీకే తరగతికి చెప్పాలంటే ఎర్లీ చైల్డ్‌హుడ్ యూనిట్లు 24 ఒక మార్గం, అంటే 1,104 డాలర్లు. హెచ్4 మీద చదవడానికి అడ్డేమీ లేదు, జీతం తీసుకోవడానికి మాత్రం ఈఏడీ (పని అనుమతి పత్రం) కావాలి. ఇండియా బీఈడీ ఉంది కదా అని ధీమా పడేవాళ్లకు ఒక మాట. 2023లో మన సుప్రీంకోర్టే ప్రాథమిక తరగతులకు బీఈడీ అర్హత కాదంది.

యూనివర్సిటీకి వెళ్లాక కథ పొడుగే, క్లుప్తంగా చెబుతాం. లిబరల్ స్టడీస్‌లో బీఏ. ఆపై క్రెడెన్షియల్, అందులో 600 గంటలు ఇంకొకరి తరగతిలో పని, చాలాచోట్ల జీతం లేకుండా. మనం పాఠం చెబుతుండగా వీడియో తీసి, ఆ నిమిషంలో అలా ఎందుకు అన్నామో పేజీల కొద్దీ సంజాయిషీ రాసి పంపాలి. చివరికి చేతికొచ్చేది ఐదేళ్ల ప్రిలిమినరీ (తొలిదశ) లైసెన్సు. రెండేళ్ల ఇండక్షన్ (కొత్త టీచర్లకిచ్చే శిక్షణ) పూర్తిచేస్తేనే అది పక్కా అవుతుంది. కొలువులో మొదటి రెండేళ్లు ప్రొబేషన్. బడ్జెట్ బాగాలేని ఏడాది వచ్చే సంవత్సరం ఉద్యోగం ఉండకపోవచ్చని మార్చి 15 లోపల నోటీసు ఇస్తారు. ఎంత అభద్రత! ఇంటిపెద్దకైతే పొద్దున్న ఈమెయిలు, మధ్యాహ్నానికి బ్యాడ్జీ పనిచేయదు, హెచ్1 మీద ఇంకో కొలువు వెతుక్కోవడానికి చేతిలో అరవై రోజులు. గౌరవప్రదంగా గుట్టుగా అయిపోతుంది.

పిల్ల ఇంతా విని కూడా మనసు మార్చుకోకపోతే పెద్దలు చేయగలిగింది ఒక్కటే, మాట మార్చడం. "వదినా, అమ్మాయి ఎక్కడ చేరింది?" అన్నప్పుడు "యూనివర్సిటీ ట్రాన్స్‌ఫర్ ప్రోగ్రాం" అనాలి. అబద్ధం కాదు. ఏం చదువుతోందంటే "పిల్లల కాగ్నిటివ్ డెవలప్‌మెంట్" అంటే చాలు, న్యూరాలజీ అనుకుని వాళ్లే వెళ్లిపోతారు. సెప్టెంబరు 5న రాధాకృష్ణన్ గారి ఫొటో, గురుబ్రహ్మ శ్లోకం వాట్సాప్‌లో యథావిధిగా పంపుకోవచ్చు. దానికీ దీనికీ సంబంధం లేదు.

ఇక మన ఇళ్ల సంగతి. బడికి పదికి పది రేటింగ్ ఉందని, మూడు పడకగదుల పాత ఇంటికి అడిగిన ధర మీద ఇంకొంత పోసి, ముప్పై ఏళ్ల అప్పు నెత్తిన పెట్టుకుని కొన్నాం. ఏటా ఆ బడిలో టీచరుతో ఇరవై నిమిషాల సమావేశం ఉంటుంది. అడుగెత్తు కుర్చీలో మోకాళ్లు గడ్డానికి ఆనుతుండగా డైరెక్టరుగారు, సీనియర్ ఆర్కిటెక్టుగారు చేతులు కట్టుకుని కూర్చుంటారు. ఆవిడ పుల్లల కట్టలు చూపించి, మీవాడు ఇక్కడ తడబడుతున్నాడు, కారణం ఇది, ఇంట్లో ఇలా చేయండి అంటుంది. బుద్ధిగా రాసుకుంటారు. తిరిగి వస్తూ కారులో భార్యతో అంటారు: "ఎంత ఓపిక ఆవిడకి! ఎవరి పిల్లో, పాపం."