సవరణ: టన్ను ఇసుక అంటే ఎన్ని అడుగులు?

ఇల్లు కట్టే ఖర్చు లెక్కల పోస్టులో "టన్ను ఇసుక అంటే ఒక ఘనపు మీటరు, అంటే 35 అడుగులు" అని ఉంది (ఇక్కడ అడుగులంటే ఘనపుటడుగులు). అది నీళ్లకు సరిపోయే లెక్క, ఇసుకకు కాదు. పొడి ఇసుక ఘనపు మీటరుకు సుమారు 1,600 కిలోలు తూగుతుంది. కాబట్టి టన్నుకు వచ్చేది దాదాపు 22 ఘనపుటడుగులే. మేస్త్రీలు చెప్పే యూనిట్, అంటే 100 అడుగులు, నాలుగున్నర టన్నుల దాకా ఉంటుంది.

ఇదంతా పొడి ఇసుక మాట. కాస్త చెమ్మగా ఉన్న సన్న ఇసుక 20 నుంచి 30 శాతం దాకా ఉబ్బుతుంది. రేణువుల చుట్టూ నీటి పొర పట్టి వాటిని ఎడంగా ఉంచుతుంది. నమ్మకం కుదరకపోతే గాజు గ్లాసులో చెమ్మ ఇసుక వదులుగా నింపి, మునిగేదాకా నీళ్లు పోసి కలపండి. మట్టం దిగిపోవడం కళ్లముందే కనిపిస్తుంది. అడుగుల లెక్కన కొంటే ట్రాక్టర్ ఊరికే నిండుగా కనిపిస్తుంది, టన్నుల్లో కొంటే నీళ్లకూ డబ్బు కట్టినట్టే. రెండింట్లో అడుగుల లెక్కకే ఎక్కువ చేతి చమురు వదులుతుంది.

అదే పోస్టులో 50 కిలోల సిమెంట్ బస్తా సుమారు 1.25 అడుగులు అన్నది సరైనదే. స్టీలు లెక్కా మార్చక్కర్లేదు: 12 ఎంఎం కడ్డీ మీటరుకు 0.89 కిలోలు.