అరుగుదల కిందకి వస్తుంది సార్

మా బండి పేరులోనే అన్ని నేలల మీదా తిరుగుతుందని ఉంది. ఏటీవీ, అంటే ఆల్ టెరైన్ వెహికిల్. మోటారుసైకిల్ సీటు, హ్యాండిలు, కింద నాలుగు లావు చక్రాలు. కొన్నాక మాన్యువల్ తిరగేస్తే తెలిసింది, అన్ని నేలలంటే తారు రోడ్డు తప్ప అని. ఆ బూరె బుగ్గల టైర్లలో గాలి ఐదు నుంచి ఏడు పీఎస్ఐ. కారు టైర్లో ముప్ఫైకి అటూ ఇటూ ఉంటుంది కదా, అందులో నాలుగో వంతుకి మించదు. మెత్తటి నేల మీద కాలు పరచుకుని నడవడానికి చేసిన టైరు అది. తారు మీద జోరుగా తిప్పితే నేలని గట్టిగా పట్టేసుకుంటుంది, బండి బోల్తా కొట్టే ప్రమాదం ఉందట. అందుకని రోడ్డెక్కొద్దని పెద్దక్షరాలతో అచ్చు వేశారు.

గుట్ట ఎక్కుతుంది, బురద దాటుతుంది, ఇసుకలో ఈదుతుంది. సర్వీస్ సెంటరుకి మాత్రం సొంతంగా పోలేదు. దాన్ని మోసుకుపోవడానికి ఇంకో బండి కావాలి. మొదటి ఏడాది లెక్క తీస్తే, అది తన చక్రాల మీద తిరిగిన దూరం కంటే ఇంకో బండి వీపు మీద ఊరేగిన దూరమే ఎక్కువ.

కొన్న రోజు సేల్స్ కుర్రాడు ఎర్ర అట్ట పుస్తకం ఒకటి చేతిలో పెట్టి, "ఏడాది వారంటీ సార్, కళ్లు మూసుకుని తిరగండి" అన్నాడు. కళ్లు మూసుకోమన్నది తిరగడానికి కాదు, పుస్తకం చదవకుండా ఉండటానికి అని అప్పుడు తట్టలేదు. పుస్తకాన్ని సీటు కింద అరలో భద్రంగా పెట్టేశాను. దాని సంగతి మళ్లీ వస్తుంది.

ఇక మా బావమరిది. ఇంజిన్ ఉన్న ఏ వస్తువు గురించైనా వాడికి తెలియనిది లేదు, తెలిసింది అడగక్కర్లేదు. బండి ఇంటికి వచ్చిన గంటలో నా వెనకాల ఎక్కి కూర్చున్నాడు. "అక్కడ ఏదో స్టిక్కర్ ఉంది, ఏం రాశారో చూడరా" అని మా ఆవిడ అంటూనే ఉంది. వాడు దాని మీదే కూర్చోవడంతో చదివే వీలు ఎవరికీ చిక్కలేదు.

మొదటి దెబ్బ బెల్టుకి తగిలింది.

గాలివానకి దారిలో చెట్టు కూలి అడ్డంగా పడింది. "మనకి ఏటీవీ ఉండగా మనుషుల్ని పిలవడమేంటి బావా" అని మా వాడు మొద్దుకి గొలుసు కట్టాడు. రెండో కొస బండికి తగిలించి, వెనకాల బరువుంటే పట్టు దొరుకుతుందని తానే ఎక్కి కూర్చున్నాడు. నేను రేజ్ చేశాను. ఇంజిన్ ఊరు లేచిపోయేలా అరిచింది. మొద్దు కదల్లేదు. బండీ కదల్లేదు. "లాగుతోంది బావా, వదలకు!" అన్నాడు వెనకనుంచి. వదల్లేదు. కాసేపటికి రబ్బరు కాలిన కంపు, కాళ్ల సందులోంచి పొగ. ఇంజిన్ మాత్రం హాయిగా తిరుగుతోంది. చక్రాలకీ దానికీ మధ్య మాటలు తెగిపోయాయి, అంతే.

ఈ బండ్లలో చాలావాటికి మన మోటారుసైకిల్లా గేర్లు వేసే పని ఉండదు. రెండు కప్పీలు, వాటి మధ్య ఓ రబ్బరు బెల్టు. జోరు పెరిగేకొద్దీ కప్పీలు ముడుచుకుంటూ విచ్చుకుంటూ బెల్టుని పైకీ కిందకీ జరుపుతాయి. బరువు లాగేటప్పుడు, నత్తనడక నడిచేటప్పుడు లివరుని ఎల్ దగ్గర పెట్టాలి. నాది హెచ్‌లో ఉంది. హెచ్ అంటే హెవీ అనుకున్నాను. కాదట, హై అట.

సర్వీస్ సెంటర్లో ఇన్‌చార్జి కుర్రాడిది పేషెంటు చుట్టాలతో మాట్లాడే డాక్టరు గొంతు. పక్క మూత విప్పాడు. లోపల నల్లటి నూలుపోగులు, దువ్వెనకి చుట్టుకున్న జుట్టులా కప్పీ నిండా అల్లుకుపోయి ఉన్నాయి. వాటిని ఓపిగ్గా ఒక్కొక్కటే లాగి, తెగిన బెల్టుని బల్ల మీద పరిచాడు. అంతటా వెడల్పుగానే ఉంది గానీ ఒక్కచోట మాత్రం చీమ నడుములా సన్నబడి, అక్కడే తెగింది. ఆ నడుము మీద వేలు పెట్టి, "బండి కదలకుండా బాగా రేజ్ చేశారా సార్?" అన్నాడు.

"అబ్బే, లేదే" అన్నాను.

"అదేంటి బావా, చెట్టు మొద్దు! అప్పుడే మర్చిపోయావా?" అంటూ మా వాడు ఫోన్ తీసి వీడియో చూపించాడు. పొగ చక్కగా పడింది. "లాగుతోంది బావా, వదలకు" అన్న వాడి కేక, "వదలన్రా" అన్న నా జవాబు కూడా స్పష్టంగా ఉన్నాయి. కుర్రాడు జాబ్ కార్డు మీద ఏదో రాసుకున్నాడు.

"ఇలా జరగలేదన్నా బెల్టు వారంటీలోకి రాదు సార్. అరుగుదల కిందకి వస్తుంది" అన్నాడు.

ఆ రాత్రి మొదటిసారి ఎర్ర అట్ట పుస్తకం తెరిచాను. అరుగుదల భాగాలని ఓ జాబితా ఉంది. బెల్టు, బ్రేకు ప్యాడ్లు, ఫిల్టర్లు, స్పార్క్ ప్లగ్గు, టైర్లు, బల్బులు. కదిలేవి, తిరిగేవి, రాసుకునేవి, వెలిగేవి అన్నీ అందులోనే ఉన్నాయి. ఇవన్నీ పోగా వారంటీకి ఏం మిగిలిందా అని వెతికితే హారను ఒక్కటి తోచింది. మా బండికి హారను లేదు.

రెండోది బూటు. బండిని మలుపు తిప్పినప్పుడల్లా ముందు చక్రం దగ్గర టిక్కు టిక్కుమని చప్పుడు. చూపించుకుని వచ్చి, "బూటు చిరిగిందట" అని మా ఆవిడతో చెప్పాను. "మొన్ననేగా కొన్నారు, ఇంకో జతుందిగా, అదేసుకోండి" అంది. విడమరచి చెప్పాల్సి వచ్చింది. చక్రాన్ని తిప్పే ఇరుసుకి రెండు కొసలా కీళ్లుంటాయి. ఆ కీలు చుట్టూ గ్రీజు పెట్టి, అది బయటికి పోకుండా, మట్టి లోపలికి రాకుండా హార్మోనియం తిత్తిలా ముడతలున్న రబ్బరు తొడుగు వేస్తారు. దాన్నే బూటంటారు. నాలుగు చక్రాలకీ కలిపి ఎనిమిది. "ఎనిమిదిలో ఒకటి చిరిగితే ఇంత హడావిడేమిటి?" అంది. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ ఒక్క చిరుగులోంచి గ్రీజు మొత్తం చక్రం లోపలి గోడకి చిమ్మేసింది. ఖాళీ అయిన చోట బురద, ఇసుక చేరాయి. ఇక కీలు తిరిగిన ప్రతి చుట్టూ సానరాయి మీద తిరిగినట్టే.

ఈసారి గట్టిగానే వాదించాలనుకున్నాను. ఎండు పుల్ల గుచ్చుకుని చిరిగిందని, బయటి వస్తువు వల్ల కలిగిన నష్టం కాబట్టి కుదరదని కుర్రాడు చెప్పాడు.

"చెట్లలో పుట్టల్లో తిరగడానికే చేసిన బండయ్యా ఇది. దానికి పుల్ల బయటి వస్తువెలా అవుతుంది?"

"పుల్ల కంపెనీది కాదు కదా సార్."

దీనికి జవాబు ఇప్పటికీ నా దగ్గర లేదు. పోనీ బూటు నా ఖర్చు, లోపలి కీలు సంగతేమిటన్నాను. కీలు పోయింది బూటు చిరగడం వల్ల, బూటు చిరిగింది పుల్ల వల్ల, కాబట్టి కీలులో తయారీ లోపం లేదన్నాడు. ఎంత మర్యాదగా చెప్పాడంటే, చివర్లో థాంక్స్ చెప్పింది నేనే.

పార్టు "దారిలో ఉంది" అన్నారు. మూడు వారాలు అదే దారిలో ఉంది. ఏ బండి మీద వస్తోందో గానీ, బహుశా ఏటీవీ మీద అయ్యుంటుంది. కనుక్కుందామని వెళ్లినప్పుడల్లా బావమరిది తోడొచ్చేవాడు, వెయిటింగ్ హాల్లో చరిత్ర చెప్పేవాడు. 1970లో హోండా తెచ్చిన మొదటి బండికి మూడే చక్రాలట. 1982లో సుజుకీ నాలుగు చక్రాలది తెచ్చిందట. "ఆ మూడు చక్రాల కాలమే బంగారం బావా. వెనక ఒకటే ఇరుసు, దాన్ని చైను తిప్పేది. బూటూ లేదు, గొడవా లేదు."

"మరి ఎందుకు ఆపేశారు?"

"బోల్తా కొట్టి జనం ప్రాణాల మీదకి తెచ్చుకుంటున్నారని. 1988లో అమెరికాలో ప్రభుత్వం కోర్టు దాకా వెళ్లి అమ్మకాలు ఆపించింది" అన్నాడు. మనిషి పోయినా ఫర్వాలేదు, బూటు నిలవాలన్నంత బెంగ ధ్వనించింది వాడి గొంతులో.

మూడోసారి మాత్రం తప్పు నాది కాకూడదని ఒట్టు పెట్టుకున్నాను. మాన్యువల్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను, పరీక్షలకి కూడా అంత చదవలేదు. ఇంజిన్ తిరిగిన గంటలు చూపే మీటరు చూసుకుని వేళకి ఆయిల్ మార్పించాను. రేడియేటరు రెక్కల్లో ఎండిన మట్టిని పైపు నీళ్లతో మెల్లగా కరిగించాను. ఆ రెక్కలు రేకు కంటే పల్చన, జోరుగా కొడితే వంగిపోతాయి. బరువు లాగితే ఎల్, లేకపోతే హెచ్. పని మీద ఊరెళ్తూ బండిని శుభ్రంగా తుడిచి, కవరు కప్పి, షెడ్డులో పెట్టి తాళం వేసి వెళ్లాను.

రెండు నెలల తర్వాత వచ్చి స్టార్ట్ చేస్తే స్టార్టయింది. ముందుకి మాత్రం పోదు. యాక్సిలరేటర్ ఎంత నొక్కినా ఉబ్బసమున్న ముసలాయనలా రొప్పుతుంది తప్ప వేగం లేదు. మీటరులో ఇంజిన్ బొమ్మ పసుపు రంగులో వెలుగుతోంది. నాకు లోపల్లోపల సంతోషం వేసిందంటే నమ్మండి. ఈసారి మొద్దు లేదు, పుల్ల లేదు, బావమరిది లేడు. అచ్చమైన తయారీ లోపం. వారంటీకి ఇంకా పదకొండు రోజులుంది. చెప్పాల్సిందంతా అద్దం ముందు రెండుసార్లు చెప్పుకుని, బండిని ఇంకో బండి ఎక్కించి బయల్దేరాను.

కుర్రాడు ముందు కంప్యూటరు తగిలించి కోడ్ చూశాడు. ఒక సెన్సారు పలకడం లేదన్నాడు. "చూశావా!" అన్నాను. వాడేమీ అనకుండా సీటు ఎత్తి, ఇంజిన్‌కి గాలి పోయే డబ్బా మూత తీశాడు. నేను వంగి చూశాను.

లోపల గూడు. చక్కగా, గుండ్రంగా, మెత్తగా ఉంది. సీటు లోపలి పసుపు స్పాంజి పలుచగా చీల్చి పరుపు వేశారు. గాలి ఫిల్టరు నురగ కొరికి దిండ్లు పెట్టారు. అంచుల చుట్టూ కాగితపు ముక్కలు, వేలిగోరంత సైజులో, వరసగా. పక్కనే ఎలుక కొరికిన వైరు రాగి పళ్లు ఇకిలించి చూస్తోంది. కుర్రాడు చిమటాతో కాగితం ముక్క ఒకటి తీసి వెలుతురులో పట్టుకున్నాడు. ఒక వైపు ఎరుపు. ఆ ఎరుపు నాకు బాగా తెలుసు. సీటు కింద అర తెరిచి చూశాను. వారంటీ పుస్తకానికి స్టేపుల్ పిన్నులు రెండూ మిగిలాయి.

ఇంకో ముక్క తిప్పి చూస్తే దాని మీద రెండే మాటలు మిగిలి ఉన్నాయి: "వారంటీ వర్తించదు". ఏడాదంతా నేను అర్థం చేసుకోలేనిదాన్ని ఆ ఎలుక నమిలి, సారం మాత్రం వదిలిపెట్టింది. వినాయకుడంతటి వాణ్ని మోసే జీవి, నా బండి దానికి ఏం లెక్క?

కుర్రాడు నోరు తెరవబోయాడు. "తెలుసు, ఎలుక కంపెనీది కాదు" అన్నాను. పాపం, కాస్త నొచ్చుకున్నట్టే కనిపించాడు. ఆ మాట తనే అందామనుకున్నాడేమో.

బండి తీసుకోవడానికి వెళ్లిన రోజు బావమరిది కూడా వచ్చాడు. వారంటీకి ఆఖరి రోజది. బిల్లు కట్టేశాను. కుర్రాడు చివరిసారి బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, వెనక మడ్‌గార్డు దగ్గర ఆగాడు.

"అయ్యో, సార్! ఇక్కడి స్టిక్కర్ అరిగిపోయిందే."

నేను జేబులో చెయ్యి పెట్టాను. "అది ఎంత?"

"ఏమీ లేదు సార్. హెచ్చరిక స్టిక్కర్లు పోతే కంపెనీ ఉచితంగా ఇస్తుంది."

సరిగ్గా విన్నానో లేదో అనుమానం వచ్చింది. "బాబూ, ఇది అరుగుదల కిందకి రాదా?"

"రాదు సార్."

మా వాడు చెయ్యి వెనక్కి పెట్టి ప్యాంటు తడుముకున్నాడు. కుర్రాడు స్టోర్‌లోంచి కొత్త స్టిక్కర్ తెచ్చాడు. పాత జిగురుని గుడ్డతో తుడిచాడు. వెనక కాగితం కొంచెం కొంచెంగా లాగుతూ, లోపల గాలి బుడగ మిగలకుండా బొటనవేలితో నొక్కుకుంటూ అతికించాడు. ఏడాదిలో నాకు దక్కిన వారంటీ కదా, దగ్గరికి వెళ్లి చూశాను. నల్లటి మనిషి బొమ్మ వెనకాల ఇంకో మనిషి బొమ్మ, వాటి మీద అడ్డంగా ఎర్రగీత. కింద రాత: వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు.

ముగ్గురం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"జిగురు బాగా పట్టాలి సార్. ఇవాళ్టికి దీని మీద ఎవరూ కూర్చోకుండా చూడండి" అన్నాడు కుర్రాడు.

"ఒక్క రోజేగా" అన్నాడు మా బావమరిది.